మహమ్మారి వేళ మానసిక సహాయం: ఫోన్ నంబరు ఒక్కటే సరిపోతుందా?

గోదారిగట్టు · సోమవారం, ఉదయం 9.10

సభ్యులందరికీ నమస్కారం. మా విశ్రాంత ఉద్యోగుల సంఘం తరఫున జిల్లా విపత్తు నిర్వహణ ప్రణాళికకు సూచనలు పంపవలసి ఉన్నది. తుఫాను, వరద, వడగాలి మాకు అనుభవంలో ఉన్నవే కాబట్టి ఆ అధ్యాయాలు సులువుగానే పూర్తయ్యాయి. అంటువ్యాధుల అధ్యాయంలో పడకలు, ఆక్సిజన్, టీకాలు, మృతదేహాల తరలింపు వరకు రాసి, ప్రజల మానసిక ఆరోగ్యం అనే శీర్షిక దగ్గర ఆగిపోయాము. పాత ప్రతిలో ఆ శీర్షిక కింద ఉన్నది ఒకే వాక్యం: "అవసరమైన వారికి కౌన్సెలింగ్ అందించబడును." ఎవరు అందిస్తారు, ఎక్కడ అందిస్తారు, అవసరమైన వారెవరో ఎలా తెలుస్తుంది అన్నది అందులో లేదు.

కరోనా కాలంలో జరిగినదాన్ని ఒకసారి వరుసగా చూద్దాం. 2020 మార్చి 25న లాక్‌డౌన్ మొదలైంది. ఆ నెలాఖరుకే బెంగళూరులోని జాతీయ మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్ పలు భాషలలో మాట్లాడే హెల్ప్‌లైన్ ఒకటి తెరిచింది. సెప్టెంబరులో కేంద్ర సామాజిక న్యాయ మంత్రిత్వ శాఖ తెలుగుతో కలిపి 13 భాషలలో కిరణ్ అనే మరో హెల్ప్‌లైన్ ప్రారంభించింది. ఇప్పుడు మనకు తెలిసిన టెలీ మానస్ హెల్ప్‌లైన్ 2022 ఫిబ్రవరి బడ్జెట్‌లో ప్రకటితమై, అదే ఏడాది అక్టోబరు 10న, అంటే రెండు పెద్ద అలలూ ముగిసి ఊళ్లు మామూలు పనుల్లో పడిన తరువాత అందుబాటులోకి వచ్చింది. వీటిలో ఏ ఒక్కదాన్నీ నేను తక్కువ చేయడం లేదు. అయితే ఇవన్నీ మనిషి తనంతట తాను ఫోన్ తీసి, తన బాధకు ఒక పేరు పెట్టుకుని, పరిచయం లేని మనిషికి చెప్పుకుంటాడన్న నమ్మకం మీద నిలబడినవే. మా ఊరిలో ఆ పని చేయగలిగినవారు ఎందరని ఆలోచిస్తే నాకు సందేహమే మిగులుతున్నది. పిలుపు కోసం ఎదురుచూసే ఏర్పాటు కాకుండా, మనుషుల దగ్గరకు వెళ్లే ఏర్పాటు ఎలా ఉండాలో అనుభవం ఉన్నవారు చెప్పగలరా?

వాల్తేరు_వైద్యుడు · సోమవారం, ఉదయం 11.45

మాస్టారూ, మీరు అడిగింది మంచి ప్రశ్న. అయితే "ప్రజల మానసిక ఆరోగ్యం" అని ఒక్క మాటలో చెప్పినప్పుడు వేర్వేరు అవసరాలు ఉన్న మనుషులందరూ ఒకే కుప్పలో పడిపోతారు. భయంతోనో దుఃఖంతోనో నిద్ర పట్టనివారు ఒక వర్గం. వారి సంఖ్య పెద్దది, వారిలో ఎక్కువమందికి వైద్యుడి అవసరం రాదు. కరోనాకు ముందు నుంచే స్కిజోఫ్రీనియా, బైపోలార్ వంటి జబ్బులకు మందులు వాడుతున్నవారు రెండో వర్గం. మద్యం, కల్లు హఠాత్తుగా ఆగిపోయి ప్రాణాపాయంలో పడినవారు మూడో వర్గం. చర్చలన్నీ మొదటి వర్గం చుట్టూ తిరుగుతాయి, ఆసుపత్రిలో మా చేతుల మీదుగా వెళ్లినవారు మాత్రం ఎక్కువగా తక్కిన రెండు వర్గాలవారే.

రెండో వర్గం సంగతి చెబుతాను. బస్సులు ఆగిపోయిన నాడు వారి మందులు కూడా ఆగిపోయాయి. తీవ్రమైన మానసిక జబ్బులకు మన రాష్ట్రాల్లో చాలా మంది నెలకొకసారి జిల్లా కేంద్రానికో, విశాఖ, హైదరాబాదు నగరాలకో వచ్చి మందులు తీసుకువెళ్లేవారు. స్కిజోఫ్రీనియాకు ఇచ్చే క్లోజపిన్ వాడేవారికి క్రమం తప్పకుండా తెల్ల రక్తకణాల లెక్క చూడాలి, బైపోలార్ జబ్బుకు ఇచ్చే లిథియం వాడేవారికి రక్తంలో ఆ మందు మోతాదు చూడాలి. పరీక్ష లేకుండా కొనసాగించడం ప్రమాదం, ఆపివేయడం అంతకంటె ప్రమాదం. 2020 మార్చి 25న, లాక్‌డౌన్ మొదలైన రోజే, కేంద్రం టెలిమెడిసిన్ మార్గదర్శకాలు విడుదల చేసింది; దానివల్ల ఫోన్ మీద చూసి చీటీ రాయడానికి మాకు చట్టబద్ధమైన ఆధారం దొరికింది. కాని చీటీ ఫోన్‌లోకి చేరినంత తేలికగా మాత్ర ఊరికి చేరదు కదా. రెండు మూడు నెలలు మందు లేక మళ్లీ జబ్బు తిరగబెట్టిన వారిని, అప్పటికే కుటుంబం అలసిపోయిన స్థితిలో తీసుకువచ్చిన సందర్భాలు నాకు బాగా గుర్తు.

మూడో వర్గం గురించి మన ప్రాంతానికి చెప్పుకోదగిన చరిత్ర ఉన్నది. 2015లో నిజామాబాదు, మెదక్ ప్రాంతాల్లో కల్తీ కల్లు మీద దాడులు జరిగినప్పుడు, అందులో కలిపే మత్తుమందు శరీరానికి అందక, వణుకుతో, మూర్ఛలతో, మతి చలించిన స్థితిలో పెద్ద సంఖ్యలో జనం ఆసుపత్రుల పాలయ్యారు. అయిదేళ్ల తరువాత లాక్‌డౌన్ మొదటి వారంలోనే హైదరాబాదు ఎర్రగడ్డ మానసిక ఆసుపత్రి ముందు అదే దృశ్యం. ముందు ఒకసారి చూసినదే కనుక దుకాణాల మూసివేత ఉత్తర్వుతో పాటే ప్రతి ప్రాంతీయ ఆసుపత్రిలో కొన్ని పడకలు, డయజెపామ్ తరహా మందులు, థయమిన్ (బి1 విటమిన్) ఇంజెక్షన్లు సిద్ధం చేసుకోమని మరో ఉత్తర్వు వెళ్లి ఉండవలసింది. సకాలంలో చికిత్స అందితే వారంలో తేరుకునే స్థితి అది. కేరళ ప్రభుత్వం వేరే దారి తొక్కి, వైద్యుల చీటీ మీద మద్యం ఇవ్వవచ్చునని ఉత్తర్వు ఇచ్చింది. వైద్య సంఘాలు వ్యతిరేకించాయి, 2020 ఏప్రిల్ 2న అక్కడి హైకోర్టు దాన్ని నిలిపివేసింది. నా మట్టుకు నాకు హైకోర్టు నిర్ణయమే సమంజసంగా కనిపిస్తుంది. అదే ఏడాది జూలై చివర ప్రకాశం జిల్లా కురిచేడులో శానిటైజర్ తాగి పది మందికి పైగా మరణించారు. ఆ వార్త చదివినప్పుడు దాన్ని ఎక్సైజు శాఖ సమస్యగా మాత్రమే చర్చించడం నాకు ఆశ్చర్యం కలిగించింది.

కార్మికపక్షం · సోమవారం, మధ్యాహ్నం 2.20

డాక్టరు గారి వర్గీకరణతో నాకు పేచీ లేదు. ఆయన ఒక్క వాక్యంలో దాటేసిన మొదటి వర్గం గురించే నేను మాట్లాడతాను. ఆ మనుషుల ఆందోళనలో ఎంత భాగం మనసుది, ఎంత భాగం కూలిది?

2020 ఏప్రిల్ 29న సంగారెడ్డి జిల్లా కందిలో ఐఐటీ ప్రాంగణ నిర్మాణంలో ఉన్న వలస కార్మికులు జీతం కోసం, ఇంటికి పంపమని ఆందోళనకు దిగారు. రెండు రోజుల తరువాత, మే 1న, వలస కార్మికుల కోసం దేశంలో నడిపిన మొదటి శ్రామిక్ రైలు లింగంపల్లి నుంచి జార్ఖండ్‌లోని హటియాకు సుమారు 1,200 మందితో బయలుదేరింది. ఆ ఉద్రిక్తతను చల్లార్చినది రైలే కాని కౌన్సెలింగ్ కాదు. గుజరాత్‌లోని వెరావల్ రేవులో పడవల మీదే చిక్కుకుపోయిన శ్రీకాకుళం, విజయనగరం మత్స్యకారులు వేల మంది ఉన్నారు. వారికి కావలసినది బస్సు, ఆ బస్సు ఏప్రిల్ నెలాఖరుకు గాని రాలేదు. సుప్రీంకోర్టు మార్చి 31ననే, సహాయ శిబిరాలకు శిక్షణ పొందిన కౌన్సెలర్లను, అన్ని మతాల పెద్దలను పంపి వలస కార్మికుల భయాన్ని పోగొట్టాలని చెప్పింది. ఉద్దేశం మంచిదే. కాని అద్దె కట్టలేక రోడ్డున పడినవాడి భయం, భయపడడానికి కారణం ఉన్న భయం. దాన్ని రోగంగా చూపితే, జీతం ఎగ్గొట్టిన కాంట్రాక్టరు కథ నుంచి మాయమవుతాడు.

అందుకని మాస్టారు గారి అధ్యాయంలో మొదటి పేరా రేషన్, జీతం, రవాణా గురించి ఉండాలని నా సూచన. అది మానసిక ఆరోగ్య అధ్యాయంలోనే ఉండాలి, వేరే అధ్యాయానికి తోసివేయకూడదు.

లెక్కల_పంతులు · సోమవారం, సాయంత్రం 5.05

కార్మికపక్షం గారి మాటకు బలమిచ్చే అంకెలు కొన్ని ఉన్నాయి, వాటిని జాగ్రత్తగా చదవవలసిన అవసరమూ ఉంది. జాతీయ నేర గణాంకాల సంస్థ ప్రకారం దేశంలో ఆత్మహత్యల సంఖ్య 2019లో 1,39,123, 2020లో 1,53,052, 2021లో 1,64,033. 2021లో ఈ విధంగా ప్రాణాలు కోల్పోయిన ప్రతి నలుగురిలో ఒకరు దినసరి కూలీ. ఇదంతా కరోనా వల్లనే అని తేల్చడానికి ఈ లెక్కలు చాలవు, ఎందుకంటే కరోనాకు ముందు కూడా దినసరి కూలీల వాటా ఏటేటా పెరుగుతూనే ఉన్నది. మరో పక్క, అధిక, ఎగువ మధ్య ఆదాయ దేశాలు 21 తీసుకుని వాటి లెక్కల మీద చేసిన ఒక అధ్యయనం 2021లో వెలువడింది. మహమ్మారి తొలి నెలల్లో ఆ దేశాల్లో ఆత్మహత్యలు పెరగలేదని, కొన్నిచోట్ల తగ్గాయని అది చెప్పింది. తొలి ఏడాదిలో ప్రపంచవ్యాప్తంగా ఆందోళన, కుంగుబాటు సుమారు 25 శాతం పెరిగాయని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 మార్చిలో ప్రకటించింది. అంటే బాధ పెరిగిన ప్రతిచోటా మరణాలు పెరగలేదు. కొన్ని దేశాలు జీతాలకు ఇచ్చిన భరోసాకు ఇందులో పాత్ర ఉండవచ్చునని చాలా మంది పరిశోధకులు భావించారు, నాకూ అది సహేతుకంగానే తోస్తుంది.

విద్యార్థుల విషయంలో మన దగ్గరే ఒక ఉదాహరణ ఉన్నది. తెలంగాణలో ఇంటర్ మొదటి సంవత్సరం పరీక్షలు రాయకుండానే రెండో సంవత్సరానికి వెళ్లిన పిల్లలకు 2021 అక్టోబరులో ఆ పరీక్షలు పెట్టారు. డిసెంబరులో ఫలితాలు వస్తే ఉత్తీర్ణులు 49 శాతమే. ఏడాదిన్నరగా ఫోన్ తెర మీద పాఠాలు విన్నవారు, ఆ ఫోన్ కూడా లేనివారు వారిలో ఉన్నారు. కొందరు పిల్లలు ప్రాణాలు తీసుకున్న తరువాత ప్రభుత్వం అందరికీ కనీస మార్కులు కలిపి ఉత్తీర్ణులను చేసింది. ఆ నిర్ణయం ఫలితాలకు ముందే జరిగి ఉండవచ్చు కదా అన్నది నా ప్రశ్న. పరీక్షల బోర్డు తీసుకునే నిర్ణయం కూడా మానసిక ఆరోగ్య నిర్ణయమేనని ప్రణాళికలో రాయవలసి ఉంటుంది.

నిర్వాహకులు · సోమవారం, సాయంత్రం 5.30

చర్చలో ఆత్మహత్యల ప్రస్తావన వచ్చింది కాబట్టి ఒక సూచన. ఇది చదువుతున్నవారిలో ఎవరికైనా మనసు కుదురుగా లేకపోతే, లేదా దగ్గరివారి గురించి ఆందోళన ఉంటే, టెలీ మానస్ 14416 నంబరుకు ఏ సమయంలోనైనా ఉచితంగా ఫోన్ చేసి తెలుగులో మాట్లాడవచ్చు. మరణించిన విధానాల వివరాలు ఎవరూ రాయవద్దని మనవి. చర్చ కొనసాగించండి.

పాలమూరు_ఆశా · సోమవారం, రాత్రి 9.40

అందరికీ నమస్కారం. నేను ఆశా కార్యకర్తను. మాస్టారు గారు అడిగిన "మనుషుల దగ్గరకు వెళ్లే ఏర్పాటు" ఒకటి 2021 మే నెలలో మా రాష్ట్రంలో నడిచింది, దాని పేరు ఇంటింటి జ్వర సర్వే. ఏఎన్‌ఎం, అంగన్‌వాడీ టీచరుతో కలిసి ప్రతి గడపా ఎక్కాము. జ్వరం ఉందా, దగ్గు ఉందా, వాసన తెలుస్తున్నదా అని అడిగి, లక్షణాలున్నవారికి మందుల కిట్టు ఇచ్చి, పేరు రాసుకుని వచ్చాము. నిద్ర పడుతున్నదా, అన్నం తింటున్నారా అని అడిగే గడి ఆ కాగితంలో లేదు.

అడగకపోయినా జనం చెప్పారు. కొడుకు ముంబయిలో ఏ స్థితిలో ఉన్నాడో తెలియడం లేదని ఒకామె, తన వల్లే ఇంట్లో అందరికీ జబ్బు అంటిందని కుమిలిపోతూ ఇంకొకాయన. నేను నిలబడి వినేదాన్ని. అయితే ఆ రోజు ఎన్ని ఇళ్లు పూర్తయ్యాయన్న లెక్క సాయంత్రానికి పంపాలి కాబట్టి మనసు గడియారం మీదే ఉండేది. విన్న తరువాత ఏం చెప్పాలో మాకు ఎవరూ నేర్పలేదు. ఏ మాట వింటే వెంటనే పైవారికి చెప్పాలో, ఏ మాట వింటే పక్కన కూర్చుంటే చాలునో తెలియక కొన్ని రాత్రులు నాకే నిద్ర ఉండేది కాదు. కోడళ్లు అత్తమామల ముందు నోరు విప్పరు, వారితో మాట్లాడాలంటే బోరింగు దగ్గరో, పిల్లల టీకాల రోజునో వీలవుతుంది. ఫోన్ అయినా అంతే, ఇంటికి ఒకటి ఉంటే అది మగవారి జేబులో ఉంటుంది.

ఇంకొక మాట. కరోనా పనికి కేంద్రం నెలకు 1,000 రూపాయలు అదనంగా ఇచ్చింది, విధిలో కరోనాతో చనిపోతే కుటుంబానికి 50 లక్షల బీమా అన్నది. బతికి ఉండి నిద్ర పట్టని ఆశాకు మాత్రం ఏమీ లేదు. "కరోనా తెచ్చేది నువ్వే" అని మా వీధిలో కొన్నాళ్లు నన్ను కుళాయి దగ్గరకు రానివ్వలేదు. ఆ రోజుల్లో మమ్మల్ని "మీరెలా ఉన్నారు" అని అడిగిన అధికారి ఒక్కరు కూడా నాకు గుర్తు లేరు.

వినేవాడు · మంగళవారం, ఉదయం 7.15

ఆశా గారి మాటలు చదివాక రాయకుండా ఉండలేకపోతున్నాను. రెండో అల సమయంలో ఒక స్వచ్ఛంద హెల్ప్‌లైన్‌లో ఫోన్లు అందుకున్నాను. గోప్యత దృష్ట్యా ఎవరి కథా చెప్పను, మొత్తం మీద గమనించినది చెబుతాను.

పగలు వచ్చే ఫోన్లలో చాలా భాగం మేము ఊహించిన రకానివి కావు. ఏ ఆసుపత్రిలో పడక ఉంది, ఆక్సిజన్ సిలిండరు ఎక్కడ దొరుకుతుంది, పరీక్ష ఫలితం ఎప్పుడు వస్తుంది అని అడిగేవారు. "అది మా పరిధి కాదండీ, మీ భావాల గురించి మాట్లాడదాం" అని వారితో చెప్పడం క్రూరం. చివరికి మేమే ఒక పట్టిక తయారు చేసుకున్నాము, అది మధ్యాహ్నానికే పాతబడిపోయేది. రాత్రి పదకొండు దాటాక వచ్చే ఫోన్లు వేరు. అప్పుడు మగవారు ఎక్కువగా చేసేవారు, డాబా మీదకో బాత్రూములోకో వెళ్లి గొంతు తగ్గించి మాట్లాడేవారు, చాలాసేపు అప్పుల గురించి చెప్పి చివరి రెండు నిమిషాల్లో అసలు విషయం చెప్పేవారు. కాబట్టి మాస్టారు గారూ, ఫోన్ నంబరు పనికిరాదని మాత్రం రాయకండి. ఎదురుగా మనిషి ఉంటే నోరు పెగలనివారికి ఆ చీకటిలోని గొంతే దిక్కు. అయితే ఫోన్ ఎత్తేవారికి పడకల సమాచారం, రేషన్ డీలరు ఫిర్యాదుల విభాగం, 108 వాహనం చేతికందే దూరంలో ఉండాలి. మానసిక ప్రథమ చికిత్సకు ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన మూడు పనుల్లో గమనించడం, వినడం తరువాత మూడోది అవసరమైన సహాయంతో కలపడం. మన దగ్గర ఆ మూడోదే గాలికి వదిలేశాము.

యారా_తీరం · మంగళవారం, ఉదయం 10.00

మెల్‌బోర్న్‌లో ఉంటున్న తెలుగువాడిని. డబ్బు దండిగా ఉన్న దేశంలో ఏం జరిగిందో చెబితే ఉపయోగపడవచ్చు. ప్రపంచంలోనే దీర్ఘకాలం లాక్‌డౌన్‌లో గడిపిన నగరాలలో మాది ఒకటి. ఇక్కడ కుటుంబ వైద్యుడు ఒక పత్రం రాసి ఇస్తే మనస్తత్వ నిపుణుల దగ్గర ఏడాదికి 10 సెషన్లకు ప్రభుత్వ సబ్సిడీ ఉండేది. 2020లో దాన్ని 20కి పెంచి, 2022 చివర మళ్లీ 10కి తగ్గించారు. ఆ పథకంపై జరిగిన సమీక్షలో తేలిన సంగతి ఆలోచించదగినది: నిపుణుల సంఖ్య పెరగకుండా సెషన్ల సంఖ్య పెరగడంతో, అప్పటికే లోపల ఉన్నవారికి ఎక్కువ కాలం సేవ అందింది, కొత్తగా వచ్చినవారికి తలుపు దగ్గర నిరీక్షణ పెరిగింది. నిధులు ఇచ్చినా మనుషులు లేకపోతే వరుస పొడవుగా మారుతుంది, అంతే.

మా తెలుగు కుటుంబాల బాధ ఏ సబ్సిడీకీ అందనిది. విమానాలు లేవు, సరిహద్దులు మూతపడ్డాయి. తల్లిదండ్రుల అంత్యక్రియలు ఫోన్ తెర మీద చూసినవారు మా వీధిలోనే ఉన్నారు. ఇక్కడి నిపుణులకు పదకొండో రోజు, పన్నెండో రోజు అంటే ఏమిటో వివరించడంతోనే సెషన్ అయిపోయేదని ఒక మిత్రుడు చెప్పాడు.

తుంగభద్ర_ఒడ్డు · మంగళవారం, మధ్యాహ్నం 1.30

ఈ చర్చలో ఇంతవరకు దుఃఖం గురించి ఎవరూ విడిగా రాయలేదు. యారా_తీరం గారి చివరి మాట చూశాక రాస్తున్నాను.

మా నాన్నగారు 2021 మే నెలలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో మరణించారు. చేర్చిన తరువాత మేము ఆయనను చూడలేదు, జిప్పు వేసిన సంచినే చూశాము. ముఖం చూపించమని మా అమ్మ వేడుకుంటే నిబంధనలు ఒప్పుకోవని సిబ్బంది చెప్పారు. ఏడాది తరువాత కేంద్ర ఆరోగ్య శాఖ 2020 మార్చి 15న ఇచ్చిన మార్గదర్శకాలు నేనే వెతికి చదివాను. జాగ్రత్తలు పాటిస్తూ సంచి ముఖభాగం తెరిచి బంధువులకు చివరి చూపు కల్పించవచ్చునని, దేహాన్ని తాకనవసరం లేని మంత్రాలు, తీర్థం చల్లడం వంటి క్రియలు జరుపుకోవచ్చునని అందులో స్పష్టంగా ఉన్నది. లేని నిషేధాన్ని మా మీద రుద్దారు. ఆ కాగితం మా అమ్మకు చూపించాలా వద్దా అని నేటికీ తేల్చుకోలేదు.

ప్రణాళికలో ఈ సంగతి రాయండి మాస్టారూ. ప్రతి ఆసుపత్రి శవాగారం తలుపు మీద, ఏవి అనుమతించబడ్డాయో పెద్ద అక్షరాల్లో తెలుగులో అంటించాలి. దానికయ్యే ఖర్చు ఒక కాగితం, కొంచెం జిగురు. ఇళ్ల తలుపుల మీద కరోనా కాగితాలు అంటించడానికి అప్పట్లో జిగురు దొరికింది కదా! ఆ కాగితాలు అంటించిన ఇళ్లవారిని వెలివేసినట్టు చూస్తున్నారని వ్యాజ్యం వేస్తే, అధికారులు ప్రత్యేకంగా ఆదేశిస్తే తప్ప అంటించరాదని సుప్రీంకోర్టు 2020 డిసెంబరు 9న చెప్పవలసి వచ్చింది.

నష్టపరిహారం విషయంలోనూ ఇదే కథ. కరోనా సోకిందని తెలిసిన తరువాత ప్రాణాలు తీసుకున్నవారిని 2021 సెప్టెంబరు నాటి తొలి మార్గదర్శకాలు కరోనా మరణాల లెక్క నుంచి తప్పించాయి. సుప్రీంకోర్టు పునరాలోచించమన్నాకే, నిర్ధారణ అయిన 30 రోజుల లోపు అలా మరణించినవారి కుటుంబాలకు కూడా 50,000 రూపాయల సహాయం వర్తిస్తుందని కేంద్రం అంగీకరించింది. మొత్తం చిన్నదే, కాని భయంతో పోయిన మనిషి కూడా ఆ జబ్బుతోనే పోయాడని రాజ్యం ఒప్పుకోవడం ఆ కుటుంబాలకు చిన్న విషయం కాదు.

వాల్తేరు_వైద్యుడు · మంగళవారం, సాయంత్రం 6.20

తుంగభద్ర_ఒడ్డు గారూ, మీరు చెప్పినది మా వృత్తిలోనివారు నిత్యం చూస్తున్న సంగతే. చివరి చూపు లేని మరణం తరువాత దుఃఖం ఎక్కువ కాలం గడ్డకట్టి ఉంటుంది. శవాగారం తలుపు మీద కాగితం అన్న సూచన నేను ఈ చర్చలో చదివిన అత్యంత ఆచరణీయమైన వాక్యం.

ఆశా గారికి ఒక మాట. ఏం చెప్పాలో నేర్పలేదన్నారు, నేర్పవచ్చునని మన దేశంలోనే నిరూపితమైంది. గోవాలో మానసిక వైద్యంతో ఏ సంబంధమూ లేని మామూలు వ్యక్తులకు కొన్ని వారాల శిక్షణ ఇచ్చి, ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలకు వచ్చే తీవ్రమైన కుంగుబాటు రోగులతో ఆరు నుంచి ఎనిమిది సార్లు మాట్లాడించారు. మామూలు చికిత్స మాత్రమే పొందినవారికంటె వీరిలో ఎక్కువ మంది కోలుకున్నారని 2017లో లాన్సెట్ పత్రికలో ప్రచురితమైంది. రోగి మానేసిన పనుల్లో ఒక్కొక్కదాన్ని మళ్లీ మొదలుపెట్టించడం, గుడికి పోవడమో, పశువుల కొట్టం చూసుకోవడమో, దాని ప్రధాన పద్ధతి. అందుకు పట్టా అవసరం లేదు, వారం వారం కూర్చుని తప్పొప్పులు చూసే పెద్ద ఒకరు అవసరం. ఆ పెద్దలే మనకు లేరు. 1982లో జాతీయ మానసిక ఆరోగ్య కార్యక్రమం వచ్చింది. 1996లో జిల్లా స్థాయి కార్యక్రమం ప్రారంభమైన మొదటి నాలుగు జిల్లాలలో మన మెదక్ ఒకటి. అంత ముందు మొదలుపెట్టిన మనం, దేశమంతా శోకంలో ఉన్న 2021–22 కేంద్ర బడ్జెట్‌లో జాతీయ మానసిక ఆరోగ్య కార్యక్రమానికి 40 కోట్ల రూపాయలు చూశాము. అదే దేశం మొత్తానికి కేటాయించినది.

కార్మికపక్షం · మంగళవారం, రాత్రి 8.10

గోవా ప్రయోగం మంచిదే, కాని ఒక అభ్యంతరం. ఇప్పటికే గర్భిణుల నమోదు నుంచి దోమల సర్వే వరకు మోస్తున్న ఆశా నెత్తిన ఇది కూడా పెట్టి, పారితోషికం మాత్రం పాతదే ఉంచితే, ఊరి మానసిక ఆరోగ్యం కోసం ఒక మనిషి మానసిక ఆరోగ్యాన్ని బలి ఇచ్చినట్టు అవుతుంది. పని పెంచితే వేతనం పెంచాలన్న వాక్యం లేకుండా ఆ ప్రతిపాదన రాయకండి.

గోదారిగట్టు · బుధవారం, ఉదయం 8.30

అందరికీ కృతజ్ఞతలు. రాత్రి కూర్చుని ముసాయిదా రాశాను. కార్మికపక్షం గారు కోరినట్టు రేషన్, కూలి బకాయిలు, రవాణా మొదటి పేరాలో పెట్టాను. మూసివేత ఉత్తర్వుతో పాటే ప్రాంతీయ ఆసుపత్రులలో మత్తు విరమణ పడకలు తెరవాలని, పరీక్షల నిర్ణయాలు జిల్లా మానసిక ఆరోగ్య బృందంతో సంప్రదించి తీసుకోవాలని, శవాగారం తలుపు కాగితం ఆసుపత్రి అనుమతి షరతుల్లో చేరాలని రాశాను. సర్వే కాగితంలో నిద్ర, ఆకలి గురించి రెండు ప్రశ్నలు చేర్చి, ప్రతి ఇంట్లో మానసిక సమస్య ఉన్నవారి పేర్లు ఒక రిజిస్టరులో నమోదు చేయాలని, ఆశా కార్యకర్తకు ఇంటింటికీ అదనపు పారితోషికం ఇవ్వాలని సూచించాను. 14416 నంబరు రేషన్ కార్డు వెనుక ముద్రించాలని కూడా రాశాను. లోపాలుంటే చెప్పగలరు, శుక్రవారం సమర్పించాలి.

వాల్తేరు_వైద్యుడు · బుధవారం, ఉదయం 9.15

రిజిస్టరు అన్న మాట తీసివేయండి మాస్టారూ. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం రోగి వివరాలకు గోప్యత హక్కు ఇచ్చింది. ఊరి పంచాయతీ కార్యాలయంలో "మానసిక సమస్య ఉన్నవారు" అన్న పుస్తకం ఒకటి ఉంటే, పెళ్లి సంబంధాల వేళ దాన్ని తిరగేసేవారు తప్పక ఉంటారు, ఆ భయంతో రెండో ప్రశ్నకే అందరూ "బాగానే ఉన్నాము" అంటారు.

పాలమూరు_ఆశా · బుధవారం, మధ్యాహ్నం 12.50

డాక్టరు గారి మాట నిజం. మా కాగితంలో "మళ్లీ రావాలి" అని ఒక గడి ఉంటే చాలు. బాలింత దగ్గరకూ మళ్లీ వెళతాము, బీపీ ఉన్నవారి దగ్గరకూ మళ్లీ వెళతాము, కాబట్టి ఎందుకు వెళుతున్నామో చూసేవారికి తెలియదు. ఇంటికింత అన్న పారితోషికం వద్దు మాస్టారూ, అలా పెడితే మళ్లీ ఇళ్ల లెక్కే మిగులుతుంది, కూర్చుని వినేవారు ఉండరు. నెలకింత అని రాయండి. అలాగే మేము విన్నది చెప్పుకోవడానికి పదిహేను రోజులకొకసారి పీహెచ్‌సీలో ఒక పూట ఇవ్వమని రాయండి, ఆ పూట వేరే సమీక్ష పెట్టకూడదని కూడా రాయండి.

వినేవాడు · బుధవారం, సాయంత్రం 4.00

రెండో వర్గం వారి మందుల సంగతి ముసాయిదాలో కనిపించలేదు. దారులు మూసినప్పుడు క్లోజపిన్, లిథియం ఊరికి ఎవరు చేరుస్తారు?

వాల్తేరు_వైద్యుడు · బుధవారం, సాయంత్రం 4.40

104 వాహనాలు పల్లెలకు బీపీ, షుగరు మాత్రలు తీసుకువెళుతూనే ఉన్నాయి. ఆ పెట్టెలో మానసిక జబ్బుల మందులు కూడా చేర్చి, అదే వాహనంలో రక్త నమూనాలు వెనక్కు పంపవచ్చు. రోగి తన చీటీ నకలు ఒకటి ఇంట్లో, ఒకటి పీహెచ్‌సీలో ఉంచుకుంటే ఫోన్ మీదనే పొడిగించవచ్చు. కంటైన్‌మెంట్ ప్రాంతంలోకి ఆ వాహనాన్ని ఆపకుండా అనుమతించే ఉత్తర్వు కలెక్టరు గారి పేరుతో ముందే సంతకమై ఉండాలి.

పాలమూరు_ఆశా · బుధవారం, రాత్రి 9.05

వాహనం మా ఊరికి వచ్చేది పగలు పదకొండు గంటలకు, అప్పటికి కూలీలంతా చేలలో ఉంటారు. మందులు పీహెచ్‌సీ ఫ్రిజ్ గదిలో వదిలి వెళ్లడానికి, సాయంత్రం నేను ఇంటికి చేర్చడానికి ఫార్మసిస్టు ఒప్పుకోవాలి. గతంలో ఇలాంటి వాటికి సంతకం ఎవరు పెట్టాలన్న దగ్గరే ఆగిపోయింది. దయచేసి ఆ సంతకం ఎవరిదో కూడా ముసాయిదాలో రాయండి.